ప్లంబింగ్ వ్యాపారంలో మనుషుల్ని ఎలా పెట్టుకోవాలి: సొంత జీతమా, గడువు ఉద్యోగమా, మేస్త్రి బ్యాచా, పాయింటు రేటా?

ప్లంబింగ్ కాంట్రాక్టరుకు పనివాళ్లను పెట్టుకునే దారులు నాలుగు. నెల జీతానికి సొంత మనుషులు, ఫలానా ప్రాజెక్టు అయ్యేదాకా అని గడువు రాసుకుని తీసుకునేవాళ్లు, లేబర్ మేస్త్రి తెచ్చే బ్యాచ్, పాయింటు (ఒక్కో కుళాయి లేదా పైపు కనెక్షను) లెక్కన గుత్తకు చేసే ప్లంబర్లు. ఇన్నాళ్లూ ఈ ఎంపిక రోజుకూలి రేటు చూసి జరిగిపోయేది. 2025 నవంబర్ 21న నాలుగు కార్మిక కోడ్‌లు (వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత) అమల్లోకి వచ్చి 29 పాత కేంద్ర చట్టాల స్థానం తీసుకున్నాక కూలి రేటు ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. గడువు ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే సొమ్ము) వచ్చింది. కాంట్రాక్టు కార్మికుల లైసెన్సు పరిమితి కేంద్ర చట్టంలో 20 నుంచి 50కి పెరిగింది. మానేసిన మనిషి లెక్క రెండు పనిదినాల్లో తేల్చాలి. వీటిలో కొన్ని కాంట్రాక్టరుకు ఊరట, కొన్ని బరువు. ఏది ఎవరికి అన్నది మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారు, ఏ రకం పని చేస్తున్నారు అన్న రెండింటి మీద ఉంటుంది.

ఇక్కడ చెప్పేది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోని ప్రైవేటు కాంట్రాక్టర్లను దృష్టిలో పెట్టుకుని. వీళ్లకు కోడ్‌ల అమలు రాష్ట్ర కార్మిక శాఖ చేతిలో ఉంటుంది. పీఎఫ్ (భవిష్య నిధి), ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య, ప్రమాద బీమా) మాత్రం కేంద్ర సంస్థలవి. మార్పిడి కాలంలో పాత చట్టాల నియమాలు, నమోదులు కొనసాగుతాయి కాబట్టి ఉన్న రిజిస్టర్లను అటకెక్కించకండి. ఏ ఫారం నింపేముందైనా మీ ప్రాంతపు సహాయ కార్మిక అధికారి దగ్గర అప్పటికి నడుస్తున్న నమూనా ఏదో అడిగి తీసుకోండి.

ముందు తలలు లెక్కపెట్టండి

పది, ఇరవై, యాభై: ఈ మూడు అంకెలకు చేరినప్పుడల్లా మీ బాధ్యత ఒక మెట్టు పెరుగుతుంది.

పది మంది అయితే ఈఎస్ఐ, గ్రాట్యుటీ వర్తిస్తాయి. వృత్తి భద్రత కోడ్ కింద 60 రోజుల్లో సంస్థను నమోదు చేయించాలి. ఇరవై అయితే పీఎఫ్, బోనస్. కాంట్రాక్టు కార్మికులు యాభై అయితే లైసెన్సు, దానితోపాటు కింద చెప్పబోయే 'ప్రధాన కార్యకలాపం' నిషేధం.

చాలామంది తప్పేది లెక్కపెట్టడంలోనే. ఆఫీసులో బిల్లులు రాసే అమ్మాయి, వ్యాను డ్రైవరు, గోడౌన్ దగ్గర పైపులు దించే కుర్రాడు, మేస్త్రి ద్వారా వచ్చిన హెల్పర్లు కూడా లెక్కలోకి వస్తారు. సామాజిక భద్రత కోడ్ ఉద్యోగిని నిర్వచించేటప్పుడే 'నేరుగా గానీ కాంట్రాక్టరు ద్వారా గానీ' అంటుంది. "నా సొంత మనుషులు ఆరుగురే, మిగతా వాళ్లు మేస్త్రి మనుషులు" అన్న మాట తనిఖీలో నిలవదు. ఒకసారి ఈఎస్ఐ లేదా పీఎఫ్ కిందికి వచ్చాక తర్వాత మనుషులు తగ్గినా బయటికి రాలేరు. మార్చి, ఏప్రిల్‌లలో పని ముమ్మరంగా ఉన్నప్పుడు 22 మంది, వానాకాలంలో 12 మంది ఉండే సంస్థ తనను 12 మంది సంస్థగా అనుకోవడం పొరపాటు.

కనీస వేతనం, సమయానికి జీతం, నియామక పత్రం, ప్రమాద పరిహారం అన్నవాటికి ఈ మెట్లతో సంబంధం లేదు. ఇద్దరున్నా ఇవి ఉంటాయనుకునే నడుచుకోవాలి. నియామక పత్రం తెల్లకాగితం మీద ఒక పేజీ చాలు. పేరు, పని (ప్లంబరా, హెల్పరా), చేరిన తేదీ, వేతనం విడివిడిగా, పని గంటలు, పీఎఫ్, ఈఎస్ఐ నంబర్లు ఉంటే అవి, ఇద్దరి సంతకాలు. ఈ ఒక్క పేజీ లేక ఓడిపోయే వివాదాలే ఎక్కువ.

సొంత జీతగాళ్లు: అసలు ఎంత పడుతుంది

సొంత మనుషులంటే ఖర్చు రెట్టింపు అవుతుందని భయపెట్టేవాళ్లు ఉంటారు. లెక్క వేసి చూద్దాం. హెల్పర్‌కు రోజుకు 650, నెలకు 26 రోజులు అనుకుంటే 16,900. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం. దాన్ని ఇప్పటి చట్టబద్ధ పరిమితి 15,000 మీదే కడితే 1,800. బీమా, నిర్వహణ ఛార్జీలు చెరో అర శాతం కలిపి 150. ఈఎస్ఐ 3.25 శాతం, అంటే సుమారు 550. గ్రాట్యుటీకి నెల జీతాన్ని 26తో భాగించి, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పక్కన పెడితే నెలకు 812. జీతంతో కూడిన సెలవు 20 పనిదినాలకు ఒకటి చొప్పున ఏడాదికి 15 వస్తాయి, నెలకు మరో 812. మొత్తం సుమారు 4,120, జీతం మీద పావు వంతుకు కాస్త తక్కువ. ఇరవై మందికి చేరి బోనస్ వర్తిస్తే కనీసం 8.33 శాతం. అది 7,000 లేదా కనీస వేతనం, రెంటిలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కిస్తారు.

అదే హెల్పర్‌ను మేస్త్రి ద్వారా తెచ్చుకుంటే తలకు రోజుకు 80 నుంచి 100 కమీషన్ అనుకున్నా నెలకు 2,080 నుంచి 2,600 అవుతుంది. అసలు తేడా పదిహేను వందల నుంచి రెండు వేలు. ఆ తేడాతో మీరు కొనుక్కుంటున్నదేమిటో మేస్త్రి దగ్గరికి వచ్చాక చూద్దాం.

వేతనాన్ని ముక్కలు చేసి పీఎఫ్ తగ్గించుకునే పాత కిటుకు ఇక పనిచేయదు. బేసిక్ 8,000, ఇంటి అద్దె భత్యం 7,000, ప్రయాణ భత్యం 5,000, మొత్తం 20,000 అని రాశారనుకోండి. మినహాయింపు ఉన్న భత్యాలు 12,000. మొత్తంలో సగం 10,000. సగానికి మించిన 2,000 తిరిగి వేతనంలో కలుస్తుంది, కాబట్టి చట్టం లెక్కలో వేతనం 10,000. 'స్పెషల్ అలవెన్స్' అని పేరు పెట్టినది మినహాయింపుల జాబితాలోనే లేదు, అది మొత్తం వేతనమే. ప్లంబింగ్ చేసేవాళ్లకు నా సలహా అయితే ఈ ముక్కల జోలికి పోకుండా దాదాపు అంతా బేసిక్, డీఏ (కరువు భత్యం) కింద రాసి, సైటు నుంచి సైటుకు తిరిగే పెట్రోలు ఖర్చును బిల్లుల మీద విడిగా ఇవ్వడమే.

పెద్ద ప్లంబర్ల విషయంలో ఇంకో చిక్కుంది. రోజుకు 900 తీసుకునే మనిషికి నెలకు 23,400. అదంతా వేతనంగా రాస్తే ఈఎస్ఐ పరిమితి 21,000 దాటుతుంది. దాటితే ఈఎస్ఐ ఆసుపత్రి లేదు, ప్రమాదం జరిగితే పరిహారం మొత్తం మీ మీద పడుతుంది. పరిహారం లెక్కకు తీసుకునే నెల వేతనం 15,000 దగ్గర ఆగుతుంది. మరణానికి అందులో సగాన్ని వయసు గుణకంతో హెచ్చించాలి. ముప్పై ఏళ్ల వాడికి గుణకం 207.98, అంటే 15,59,850 రూపాయలు. శాశ్వత పూర్తి వైకల్యానికైతే సగం బదులు 60 శాతం. ఇంటి నుంచి సైటుకు వెళ్లే దారిలో జరిగిన ప్రమాదానికి కూడా, పనితో సంబంధం తేలితే, ఇప్పుడు పరిహారం వర్తిస్తుంది. బండి మీద రోజుకు మూడు నాలుగు ఇళ్లు తిరిగే సర్వీసు ప్లంబర్ల విషయంలో ఇది చిన్న మార్పు కాదు. కాబట్టి ఈఎస్ఐ పరిధి దాటినవాళ్లకు మాత్రం పరిహార బీమా పాలసీ, మన వాడుకలో డబ్ల్యూసీ పాలసీ, తీసుకోవాలి. పాలసీలో పని వర్ణన దగ్గర 'ప్లంబింగ్' అని ఒక్క మాట రాసి ఊరుకోకండి. ఎత్తులో పని, తవ్వకం ఉంటే అవీ రాయించాలి. రాయించకపోతే క్లెయిము దగ్గర ఆగేది అక్కడే.

సొంత మనుషుల్ని పెంచుకోవాలనుకునేవాళ్లకు ఇప్పుడు ఒక వెసులుబాటు ఉంది. ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన కింద 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 మధ్య కొత్తగా ఇచ్చే ఉద్యోగాలకు యజమానికి రెండేళ్లపాటు నెలకు 3,000 దాకా వస్తుంది. పీఎఫ్ వేతనం 10,000 నుంచి 20,000 మధ్య ఉంటే 2,000. యాభై మంది లోపు సంస్థ అదనంగా కనీసం ఇద్దరిని తీసుకుని ఆరు నెలలు నిలుపుకోవాలి. ఇప్పటికే పీఎఫ్ నమోదు ఉన్న సంస్థకు ఇది బాగా గిట్టుబాటు, ఎందుకంటే పైన లెక్కించిన హెల్పర్ పీఎఫ్ ఖర్చు 1,950 దాదాపు అందులోనే తీరిపోతుంది. మొదటిసారి పీఎఫ్‌లో చేరిన కుర్రాడికి కూడా రెండు వాయిదాల్లో గరిష్ఠంగా 15,000 అందుతుంది.

ఇక జీతం చేతికిచ్చే తేదీలు. నెల జీతమైతే మరుసటి నెల 7లోపు. వారం కూలి అయితే వారపు సెలవుకు ముందు పనిరోజున. రోజుకూలి ఆ రోజే. మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో మొత్తం లెక్క. 'ప్రెషర్ టెస్ట్ అయ్యాక ఇస్తాం' అని పది శాతం ఆపి ఉంచడం మన రంగంలో మామూలే. సబ్ కాంట్రాక్టరు బిల్లులో అది చెల్లుతుంది, ఉద్యోగి జీతంలో చెల్లదు. లీకు అతని తప్పు వల్లే వచ్చిందని కోత వేయాలన్నా ముందు సంజాయిషీ అడగాలి. జరిమానాలు ఆ వేతన కాలపు వేతనంలో 3 శాతానికి మించకూడదు, అన్ని కోతలూ కలిపి సగానికి మించకూడదు.

గడువు ఉద్యోగం: ప్రాజెక్టు కాంట్రాక్టర్లకు సరైన పనిముట్టు

అపార్ట్‌మెంటులో 80 ఫ్లాట్ల పని, పద్నాలుగు నెలలు. ఆ తర్వాత పని ఉంటుందో లేదో తెలియదు. ఇలాంటి చోట సొంత జీతగాళ్లను పెడితే పని అయిపోయాక రిట్రెంచ్‌మెంట్ (పని లేదని మనిషిని తీసేయడం) గొడవ వస్తుంది. ఏడాది నిరంతర సర్వీసు నిండినవాళ్లకు నెల నోటీసు, ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. గడువు రాసిన నియామక పత్రంతో తీసుకుంటే, గడువు ముగియడం రిట్రెంచ్‌మెంట్ కాదు. పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ దారిని స్పష్టంగా తెరిచింది.

దీనికి ధర ఉంది. అదే పని చేసే పర్మినెంటు మనిషికి ఇచ్చే వేతనం, గంటలు, భత్యాలు అన్నీ సమానంగా ఇవ్వాలి. మామూలు ఉద్యోగికి గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి, గడువు ఉద్యోగికి ఏడాది చాలు, ఆ పైన దామాషాలో. మన 16,900 హెల్పర్ పద్నాలుగు నెలలు చేస్తే 11,375 రూపాయలు. ఈ మొత్తాన్ని కొటేషన్‌లోనే కలపాలి. చాలామంది కలపరు, చివరి బిల్లు వచ్చేసరికి లాభంలోంచి పోతుంది.

పదకొండు నెలలకు పత్రం ముగించి వారం ఆగి మళ్లీ తీసుకుంటే గ్రాట్యుటీ తప్పుతుందని సలహాలిచ్చేవాళ్లు తయారయ్యారు. వినకండి. అదే సైటు, అదే పని, అదే మనిషి అయితే ఆ విరామం నాటకమని తేల్చడం ఎవరికీ కష్టం కాదు. గడువును పని దశకు ముడిపెట్టండి: 'బి బ్లాకు అంతర్గత ప్లంబింగ్, శానిటరీ ఫిట్టింగులు బిగించి పరీక్ష పూర్తయ్యేవరకు, 2027 మార్చి 31 మించకుండా' అన్నట్టు. తేదీ తప్పనిసరిగా ఉండాలి, లేకపోతే అది గడువు పత్రం కిందికి రాదు. స్లాబులు ఆలస్యమై పని జరిగితే పాత గడువు ముగిసేలోపే పొడిగింపు పత్రం ఇవ్వాలి. పత్రం లేకుండా గడువు దాటి పని చేయించుకుంటే అతను మామూలు ఉద్యోగి అయిపోయాడని వాదించే వీలు మీరే ఇచ్చినట్టు.

మేస్త్రి బ్యాచ్: చవకగా కనిపించే దారి

హైదరాబాద్ సైట్లలో ప్లంబింగ్ బ్యాచ్ అంటే ఒడిశా కేంద్రపడా జిల్లా మనుషులు తప్పకుండా కనిపిస్తారు. దేశమంతటా ప్లంబింగ్‌కు పేరుపడిన ప్రాంతమది. పని తెలిసినవాళ్లు, మాట మీద వస్తారు, మేస్త్రికి అడ్వాన్సు ఇస్తే వారంలో పన్నెండు మంది దిగుతారు. వేగంలో దీనికి సాటి లేదు.

ఇబ్బంది బాధ్యత దగ్గర. మేస్త్రి కూలి ఎగ్గొడితే ఆ కూలి మీ మీదికి వస్తుంది. మీరు కట్టి, మేస్త్రి దగ్గర వసూలు చేసుకోవాలి. పీఎఫ్, ఈఎస్ఐ కూడా ముందు ప్రధాన యజమాని, అంటే పని చేయించుకునే మీరు, కట్టి తర్వాత రాబట్టుకోవాల్సినవే. ప్రమాద పరిహారమూ అంతే. మేస్త్రికి ఆస్తి లేదు, ఆఫీసు లేదు, ఫోను ఆఫ్ చేస్తే ఊరు తెలియదు. రాబట్టుకునే హక్కు కాగితం మీద ఉంటుంది, డబ్బు రాదు. నెలకు మనిషికి పదిహేను వందలు మిగిల్చి మీరు నెత్తికెత్తుకున్నది ఈ పూచీ.

వేరే రాష్ట్రం నుంచి వచ్చిన కార్మికులు పది మంది లేదా ఎక్కువ ఉంటే, నెలకు 18,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు, అంతర్రాష్ట్ర వలస కార్మికుల నిబంధనలు వర్తిస్తాయి. ఇప్పుడు సొంతంగా వచ్చి పనిలో చేరినవాళ్లు కూడా ఆ నిర్వచనంలో ఉన్నారు. స్వస్థలానికి రానుపోను ఛార్జీ కింద ఏటా కొంత మొత్తం ఇవ్వాలి. దసరా, రథయాత్ర సెలవులకు బ్యాచ్ మొత్తం ఒక్కసారి ఊరెళ్లే అలవాటు ఎలాగూ ఉంది. ఆ ఛార్జీని బ్యాంకు ద్వారా వాళ్ల ఖాతాల్లోనే వేసి రసీదు ఉంచుకుంటే చట్టం పని కూడా అయిపోతుంది. మేస్త్రి చేతికిస్తే లెక్క మిగలదు.

యాభై దగ్గర అసలు మలుపు ఉంది. కాంట్రాక్టు కార్మికులు యాభై మంది లేదా ఎక్కువ ఉన్న సంస్థలో 'ప్రధాన కార్యకలాపం'లో కాంట్రాక్టు కార్మికుల్ని పెట్టడం నిషేధం. హోటలుకో ఆసుపత్రికో ప్లంబింగ్ ప్రధాన పని కాదు కాబట్టి వాళ్లు కాంట్రాక్టరుకు ఇచ్చుకోవచ్చు. ప్లంబింగ్ సంస్థకు ప్లంబింగే ప్రధాన పని! మినహాయింపులు ఉన్నాయి. ఆ పని మామూలుగానే కాంట్రాక్టరు ద్వారా జరిగేదైతే, రోజులో ఎక్కువ భాగం పూర్తికాలపు మనుషులు అక్కర్లేనిదైతే, గడువులోపు తీర్చాల్సిన పని హఠాత్తుగా పెరిగితే. మీరు ఏ మినహాయింపు మీద నిలబడుతున్నారో ముందే కాగితం మీద ఉండాలి: పెరిగిన పని ఆర్డరు కాపీ, క్లయింటు ఇచ్చిన గడువు, బ్యాచ్ వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ. నలభై మంది బ్యాచ్‌తో నడిపేవాళ్లు మరో పదిమందిని తెచ్చుకునే ముందు ఒక పూట కూర్చుని ఆలోచించాల్సింది ఇదే.

అటువైపు నుంచి చూస్తే ఇదే కోడ్ సొంత మనుషులున్న ప్లంబింగ్ సంస్థకు ఒక బలం ఇచ్చింది. కాంట్రాక్టరు దగ్గర శాశ్వతంగా పనిచేస్తూ, ఎప్పటికప్పుడు ఇంక్రిమెంటు, సామాజిక భద్రత ఉన్న మనిషి 'కాంట్రాక్టు కార్మికుడు' నిర్వచనంలోకే రాడు. అంటే మీ జీతగాళ్లను ఒక కర్మాగారం నిర్వహణ పనికి పంపితే వాళ్లు ఆ కర్మాగారపు కాంట్రాక్టు కార్మికుల లెక్కలో చేరరు. పెద్ద క్లయింట్ల ముందు రేటు కాస్త ఎక్కువ అడగడానికి ఇది గట్టి కారణం. కొటేషన్‌తో పాటు గత మూడు నెలల పీఎఫ్ చలాన్, ఈఎస్ఐ చలాన్ జతచేయండి.

బ్యాచ్ తప్పదంటే కనీసం ఇవి చేయండి. ఒప్పందంలో మనుషుల పేర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలు ఉండాలి. కూలి మేస్త్రి ఖాతాకు కాకుండా మనుషుల ఖాతాలకే వెళ్లాలి, మేస్త్రికి కమీషన్ మాత్రం విడిగా. హాజరు పట్టీ మీ సూపర్‌వైజర్ దగ్గర, రోజూ సంతకంతో ఉండాలి. ప్రతి బిల్లులో పీఎఫ్, ఈఎస్ఐ చలాన్ చూశాకే మిగతా వాటా చెల్లించాలి. అడ్వాన్సు ఎంత, ఎన్ని వాయిదాల్లో తీరుతుందో రాయాలి. అడ్వాన్సు తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడం వెట్టి చాకిరీ నేరం కిందికి పోతుంది, ఆ మాట హాస్యానికి కూడా అనకండి.

పాయింటు రేటు ప్లంబర్

బాత్రూముకు ఇంత, పాయింటుకు ఇంత అని మాట్లాడుకునే గుత్త పని పదిమంది లోపు సంస్థకు నిజంగా సరిపడే దారి, ఒక షరతుతో. ఆ ప్లంబర్ నిజంగా స్వతంత్రుడై ఉండాలి. సొంత పనిముట్లు, సొంత హెల్పర్, తనే రేటు చెప్పి బేరమాడటం, మీతోపాటు మరో ముగ్గురికి పనిచేయడం, తను రాలేనప్పుడు వేరే మనిషిని పంపగలగడం, బిల్లు ఇవ్వడం. అలా కాకుండా పొద్దున్నే మీ షాపుకొచ్చి, మీ వ్యాను ఎక్కి, మీ టీషర్టు వేసుకుని, మీరు చెప్పిన చోటికి ఏడాది పొడవునా వెళ్తుంటే, కాగితం మీద 'సబ్ కాంట్రాక్టరు' అని ఎంత అందంగా రాసినా అతను ఉద్యోగే. కాలికట్ తాడు ఫ్యాక్టరీ కార్మికుల కేసులో 1978లోనే సుప్రీంకోర్టు మధ్యలో నిలబెట్టిన కాంట్రాక్టరు తెరను తొలగించి అసలు యజమాని ఎవరో చూసింది. ఆ దారి ఇప్పటికీ మారలేదు.

పాయింటు రేటుకీ, ఉద్యోగానికీ వైరం లేదు. సొంత మనిషికే పాయింటు లెక్కన ఇవ్వొచ్చు. కాకపోతే వానకో, సామాను రాకో పాయింట్లు తక్కువ పడిన రోజైనా ఆ రోజు కనీస వేతనం కంటే తగ్గకూడదు. తక్కువ ఇస్తే మొదటిసారి 50,000 దాకా జరిమానా, అయిదేళ్లలో మళ్లీ దొరికితే మూడు నెలల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పని వేగం కావాలి, చట్టమూ కావాలి అనుకునే సర్వీసు సంస్థలకు ఈ కలగలుపు పద్ధతే అన్నిటికంటే నచ్చాలి: కనీసం గ్యారంటీ, దాని పైన పాయింటుకు అదనం.

యాప్‌ల ద్వారా పని తీసుకునే ప్లంబర్లు ఇప్పుడు ప్లాట్‌ఫాం వర్కర్ల కింద చట్టంలో ఉన్నారు. యాప్ సంస్థ తన వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం, అయితే వర్కర్లకు చెల్లించే దానిలో 5 శాతం మించకుండా, సామాజిక భద్రత నిధికి కట్టాలి. మీరు వాళ్లను అప్పుడప్పుడు గుత్తకు పిలిస్తే ఆ భద్రత మీ పనికి కవచం అవుతుందనుకోవద్దు.

స్వతంత్ర ప్లంబర్‌కు మీరు చేయగల మంచి పని ఒకటుంది. ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసిన 18 నుంచి 60 ఏళ్ల మనిషి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో సభ్యుడు కావచ్చు. ఆ రోజులకు ధ్రువీకరణ సంతకం మీరు చేయండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా తీసుకున్నాడో లేదో అడగండి. ఒక్కోటి 2 లక్షల చొప్పున ఉంటాయి. ఇది మీ బాధ్యతను తగ్గించదు. అయితే అతని ఇంట్లోవాళ్లు మొదట తలుపు తట్టేది మీదే కాబట్టి ముందే చూసుకోవడం తెలివి.

ఎవరి మనుషులైనా ఒక్కటే రూలు ఉన్న పనులు

సెప్టిక్ ట్యాంకు, మ్యాన్‌హోల్, డ్రెయిన్ బ్లాకు. ఈ పిలుపు రాగానే 'అడ్డా మీద మనిషిని పంపుదాం, మనకు సంబంధం లేదు' అనే ఆలోచన చాలాచోట్ల నడుస్తోంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం సెక్షన్ 7 ప్రకారం ప్రమాదకర శుభ్రతకు ఏ వ్యక్తీ, ఏ సంస్థా మనిషిని పెట్టకూడదు, నేరుగా గానీ పరోక్షంగా గానీ. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే అయిదేళ్లు, 5 లక్షలు. 2023 అక్టోబర్ 20న సుప్రీంకోర్టు మురుగు కాల్వ మరణాలకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. ఇందులో ఎంపిక లేదు. జెట్టింగ్ యంత్రం, సక్షన్ వాహనం ఉన్న సంస్థకు అప్పగించండి, లేదా ఆ పని వదిలేయండి. రాడ్డింగ్ (కడ్డీతో పొడిచి అడ్డు తీయడం) కూడా పైనుంచే జరగాలి, తల లోపలికి పెట్టి చూడటం కూడా కుదరదు.

మంచినీటి సంపు అంత భయపెట్టదు కాబట్టే ఇంకా ప్రమాదం. చాలాకాలం మూసి ఉన్న సంపులో ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గి ఉండొచ్చు, వాసనేమీ రాదు. నీళ్లు తోడటానికి పెట్రోలు పంపును సంపులోకి దించితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది. కాబట్టి పంపు పైనే ఉండాలి, పైపు మాత్రమే లోపలికి. మూతలు తీసి బ్లోయరుతో గాలి ఆడించి, గ్యాస్ మీటరుతో చూసి, నడుముకు తాడు కట్టుకున్న మనిషిని దింపి, పైన ఒకడు కదలకుండా ఉండాలి. లోపల ఒకడు పడిపోతే కాపాడటానికి రెండోవాడు దిగి ఇద్దరూ పోవడమే ఎక్కువసార్లు జరిగేది. యజమాని నిబంధనలు పాటించకపోవడం వల్ల మరణం జరిగితే వృత్తి భద్రత కోడ్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 5 లక్షలకు తగ్గని జరిమానా. ఆ జరిమానాలో కనీసం సగం బాధిత కుటుంబానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. బ్యాచ్ మేస్త్రిదా, పాయింటు రేటా అన్న ప్రశ్న అప్పుడు ఎవరూ వినరు.

ఏ సంస్థకు ఏది

నలుగురైదుగురితో ఇళ్ల సర్వీసు పని చేసేవాళ్లు ఇద్దరు సొంత మనుషుల్ని గ్యారంటీ, పాయింటు కలగలుపులో పెట్టుకుని, మిగతా పనికి నిజమైన స్వతంత్ర ప్లంబర్లను పిలవడం మేలు. బ్యాచ్ జోలికి పోనక్కర్లేదు. డబ్ల్యూసీ పాలసీ మాత్రం తీసుకోండి.

ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగిపోయి పదో మనిషిని లెక్కలో దాచేవాళ్లకు చెప్పేది ఒకటే. ఈఎస్ఐకి హెల్పర్ మీద నెలకు 550 కడితే అతని వైద్యం, ప్రమాద పరిహారం ఈఎస్ఐ చూసుకుంటుంది, మీ పరిహార బాధ్యత తీరుతుంది. పదిహేను లక్షల పూచీ ముందు ఇది ఖర్చు కిందికే రాదు. పదో మనిషిని దాచకండి, చేర్చండి.

పదిహేను నుంచి నలభై మందితో అపార్ట్‌మెంటు ప్రాజెక్టులు చేసేవాళ్లకు గడువు ఉద్యోగమే నా ఓటు. ఆరేడుగురు పెద్ద ప్లంబర్లు పర్మినెంటు, మిగతా వాళ్లు బ్లాకు గడువుతో. బ్యాచ్‌ను చివరి రెండు నెలల ఫిట్టింగుల హడావుడికి మాత్రమే ఉంచుకోండి.

యాభై మించిన బ్యాచ్‌లతో నడుస్తున్నవాళ్లు మార్చుకోవాల్సింది ఎక్కువ. మొదట మస్టరు రోలు (హాజరు పట్టీ) తీసి, ఏడాదిగా వరుసగా ఉన్న పేర్లు విడదీయండి. వాళ్లు మీ మనుషులే, కాగితం మాత్రమే వేరు. వాళ్లకు ముందు నియామక పత్రాలు ఇవ్వండి, పాత సర్వీసు కలిపి. తర్వాత పీఎఫ్ సంఖ్యలు మీ సంస్థ కిందికి మార్చండి. కొత్తది సృష్టిస్తే ఒకే మనిషికి రెండు యూఏఎన్‌లు (పీఎఫ్ సభ్యుడి శాశ్వత సంఖ్యలు) ఏర్పడి డబ్బు తీసుకునేటప్పుడు ఆగుతుంది. పాత యూఏఎన్‌నే అడిగి తీసుకోండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ యూఏఎన్‌లోని వాటితో అక్షరం తేడా లేకుండా ఉన్నాయేమో ముందే సరిచూడండి. ఒడియా పేర్లు ఇంగ్లిషులోకి వచ్చేసరికి రెండు మూడు రకాలుగా పడతాయి, తిరస్కరణలు అక్కడే వస్తాయి. మిగిలిన బ్యాచ్ యాభై లేదా ఎక్కువ ఉంటే లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుతోనే ఒప్పందం చేసుకోండి, మినహాయింపు కాగితాలతో సహా.

ఏ దారి పట్టినా ఒక్క తప్పు మాత్రం చేయకండి. జీతంలోంచి కోసిన ఉద్యోగి వాటాను కట్టకుండా పనికి వాడుకోవడం. యజమాని వాటా ఆలస్యమైతే వడ్డీ, డ్యామేజీలతో తేలొచ్చు. ఉద్యోగి దగ్గర కోసినది జమచేయకపోతే సామాజిక భద్రత కోడ్ కింద ఏడాదికి తగ్గని, మూడేళ్ల దాకా జైలు, లక్ష జరిమానా. క్లయింటు బిల్లు ఆగిన నెలలోనే ఈ పొరపాటు జరుగుతుంది. అందుకని జీతాలకు ఒక ఖాతా, చలాన్లకు వేరే ఖాతా పెట్టి, జీతాలు వేసిన రోజే రెండో దానిలోకి ఆ మొత్తం మార్చేయండి. చలాన్ గడువు మరుసటి నెల 15.